మూతలేని సీసా

ఊరి చెరువు నీళ్లు ఎంత చెడిపోయాయో చూసి రమ్మని మా కెమిస్ట్రీ సారు జలపతి రావు గారు మమ్మల్ని పంపేవారు. జగిత్యాలలో పోలీసులూ అన్నలూ తిరిగే ఆ ఏళ్లలో సీసాలు, రసాయనాలు సంచిలో వేసుకుని తిరగడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఎవరైనా ఆపితే, అవి బాంబు సామాను కాదని నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. సారుకు అదేమీ పట్టదు. ఆయనకు నీళ్లు కావాలి.

మొదట్లో నాకూ ఏసయ్యకూ తోడు మొగిలయ్య ఉండేవాడు. ముగ్గురిదీ ఒకే క్లాసు, ఆడపిల్లను నేనొక్కదాన్నే. సీసాను నీళ్లలో ముంచి, గాలి బుడగలు పోయేలా గోటితో దాని మెడ మీద టక్ టక్ మని కొట్టేవాడు. ముంచేటప్పుడు గాజు మూతను చొక్కా జేబులో వేసుకునేవాడు. ఒక సీసా మూత ఇంకోదానికి పట్టదు. అందుకే రెండింటి మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది.

ఒక వానాకాలం, చెరువు తూము దగ్గర ఒక జీపు ఆగింది. మొగిలయ్య ఎక్కాడో, ఎక్కించారో చూసినవాళ్లు చెప్పరు. అది ఎవరి జీపో కూడా చెప్పరు. గట్టు మీద సీసా దొరికింది. మూత మాత్రం వాడి జేబులోనే పోయింది.

వాడి తల్లి మల్లవ్వ గుడిసె చెరువు పక్కనే. కొడుకు పేరు మీద ఆమె అప్పటికింకా పిట్టకు పెట్టలేదు. అన్నం ముద్ద పెట్టి కాకిని పిలిస్తే, కొడుకు చచ్చాడని ఒప్పుకున్నట్టే. పెట్టకపోతే, నిజంగా పోయి ఉంటే, వాడు ఆకలితో తిరుగుతుంటాడు. ఆమె ఎటూ తేల్చుకోలేక నలిగిపోయేది.

ఒక సాయంత్రం నేనూ ఏసయ్యా చెరువుకు వస్తుంటే దారిలోనే ఒక సీసా పగిలింది. ఎందుకైనా మంచిదని తెచ్చిన మొగిలయ్య సీసా ఒక్కటే మిగిలింది. పొద్దు గూకుతోంది. ఊరి మురికికాలువ కంపు, కుళ్లిన గుర్రపుడెక్క కంపు కలిసి గొంతులో పడుతున్నాయి. కప్పలు కూడా అరవడం లేదు.

"మూత లేకుంటే ఏమాయె, బొటనవేలు అడ్డం పెట్టి తీస్త," అన్నాడు ఏసయ్య.

మల్లవ్వ ఎప్పుడొచ్చిందో, మా వెనక నిలబడి ఉంది.

"బిడ్డా, నీళ్లల్ల ఊపిరున్నదో లేదో మీకు ఎరుకైతదట గద. మా మొగిలి చెప్పెటోడు. మందు పోస్తె మట్టిరంగైతె ఉన్నట్టు, తెల్లగైతె లేనట్టు."

"అవునవ్వా."

"గట్లయితె ఒక్క సీస వాని పేరు మీద ముంచుండ్రి."

నీళ్లలో ఆక్సిజన్ చూసే పరీక్షకూ మనిషి చావుబతుకులకూ ఏం సంబంధం? అయినా "సరే అవ్వా," అన్నాను.

ఏసయ్య తూము మెట్టు మీద కూర్చుని సీసా ముంచాడు. చేయి మోచేతి దాకా నీళ్లలో ఉంది. బుడబుడమని గాలి పైకొచ్చింది. తర్వాత ఆగిపోయింది.

టక్... టక్.

"గోటితోని కొట్టినవా?" అన్నాను.

"నేను కాదు..." నా వైపు తిరిగాడు ఏసయ్య. "సత్యా... కింద ఎవరో పట్టుకున్నరు..."

గుంజాడు. సీసా వచ్చింది. నిండుగా. ఒక్క బుడగ లేదు. మూత బిగించి ఉంది...

నంబరు చూశాను. సీసా మీద ఉన్నదే మూత మీదా ఉంది.

పారిపోవాల్సింది. కానీ మల్లవ్వ చూస్తోంది. మూత తీసి మందు చుక్కలు వేశాను. తెల్లగా... విరిగిన పాలలా... మెల్లగా అడుక్కి దిగింది.

మల్లవ్వ ఏడవలేదు. "రేపు పొద్దుగాల పిట్టకు పెడత. మీరిద్దరు రావాలె. వాని దోస్తులు మీరే గద," అంది.

ఏసయ్య సీసా ఒంపేసి, మూతను అలవాటుగా చొక్కా జేబులో వేసుకున్నాడు.

"అది చెరువుల పారెయ్," అన్నాను.

"సారుకు చూపిస్త," అని మల్యాల బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాడు.

పొద్దున బస్టాండులో ఎదురు చూశాను. మల్యాల బస్సు వచ్చింది, ఏసయ్య దిగలేదు. రాత్రి దారిలో ఏదో జీపు బస్సును ఆపిందని కండక్టరు గొణిగాడు. ఎవరి జీపని అడిగితే ముఖం తిప్పుకున్నాడు.

ఒక్కదాన్నే చెరువుకు పోయాను. కాకులన్నీ తూము గోడ మీద ముడుచుకుని కూర్చున్నాయి. ఒక్కటీ కిందికి దిగడం లేదు. గట్టు మీద మోదుగాకు విస్తర్లు. ఒకటి కాదు, వరుసగా. అన్నీ సగం తిన్నవే. మెతుకుల్లో తడి వేళ్ల గుర్తులున్నాయి.

"కాకి ముట్టలే బిడ్డా. వాడే తిన్నడు," అంది మల్లవ్వ. ఆమె ముఖంలో సంతోషం చూసి నాకు భయమేసింది.

"ఇన్ని ఇస్తర్లు ఎందుకవ్వా?"

"వాడొక్కడే లేడట. వాని ఎంబడి శానమంది ఉన్నరట. పాపం, ఎవ్వరికీ పెట్టినోళ్లు లేరు."

చివరి విస్తరిలో ముద్ద ఎవరూ ముట్టలేదు. ఇంకా ఆవిరి వస్తోంది.

"గిది..."

"గది ఏసయ్యది. రాత్రే అచ్చిండట. కొత్త గద, సిగ్గు పడుతుండు."

ఆ విస్తరి పక్కన అదే నంబరు గాజు మూత ఉంది. దాని లోపలి వైపు, ఎవరో నోటి దగ్గర పెట్టుకున్నట్టు, ఆవిరి పట్టి ఉంది.

కొంగుతో తుడిచాను.

మళ్లీ పట్టింది...