చిరగని రక్ష

ఇంచన్ ఊళ్లోని కొండవాడలో నలభై మెట్లెక్కాక ఎడమచేతికి నీలం గేటు ఇల్లొకటి ఉంది. ఆ ఇంటి వెనకగది పేరెత్తితే చాలు, చేపలబండివాడు కూడా గొంతు తగ్గిస్తాడు. చలికాలంలో అక్కడ పడుకున్నవాళ్ల గుండెల మీద ఓ ముసలమ్మ వచ్చి కూచుంటుందట. ఎండాకాలం రాదు. మంచు పడితేనే వస్తుంది. మూడేళ్ల కిందట ఆ గదిలో ఒంటరిగా ఉన్న దర్జీ తెల్లారి లేవలేదు. డాక్టరు గుండెపోటన్నాడు. వాడకట్టంతా మాత్రం ముసలమ్మే అంది.

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. హేసన్‌కి జరిగింది నేను విన్నది విన్నట్టు చెబుతాను.

హేసన్‌ది గ్యాస్ తనిఖీ పని. ఆరు నెలలకోసారి ఇంటింటికీ వెళ్లాలి. పొయ్యి గొట్టానికి సబ్బునురగ రాసి బుడగలు లేస్తున్నాయేమో చూడాలి. నేల వెచ్చబెట్టే బాయిలర్ దగ్గర పొగగొట్టం కదిపి చూడాలి. అన్నీ బాగుంటే సంతకం పెట్టిన చీటీ అంటించి రావాలి. మొగుడు పోయి, ఏడేళ్ల కూతురు బోమిని చంకనేసుకుని దిక్కుతోచక నిలబడ్డ రోజున ఈ పని ఇప్పించింది మల్సూన్. ఇరవై ఏళ్లుగా అందులోనే ఉన్న మనిషి. పని నేర్పింది, తన ఉన్ని చేతితొడుగులు ఇచ్చింది, ఆ నీలం గేటు ఇంట్లో గది కూడా తనే చూసిపెట్టింది.

"అక్కా, ఆ గది గురించి ఏదేదో అంటున్నారే..." అని నసిగింది హేసన్.

"అనేవాళ్ల నోళ్లు మూయిస్తామా? మూడేళ్లుగా ఆ గది తనిఖీ నాదేనే పిల్లా! ప్రతిసారీ బాయిలర్ దాకా వెళ్లొచ్చినదాన్ని. దెయ్యమే ఉంటే ముందు నన్ను పట్టుకోదూ? ఇంత కండ పెట్టుకుని!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. అక్క మాట ఇచ్చాక ఇంకెవర్ని అడగాలి?

గదిలో ఓ మూల ఇరుకు తలుపు, దాని వెనక బాయిలర్. ఆ తలుపుకీ ద్వారబంధానికీ కలిపి పసుపు కాగితం రక్ష అంటించి ఉంది, ఎర్రసిరా గీతలతో. "దర్జీ పోయిన వారంలోనే భూతవైద్యం చేసే ఆవిడ చేత వేయించాను. అది చిరిగిందంటే మళ్లీ వస్తుంది. నీకు పుణ్యముంటుంది, ముట్టుకోకమ్మా" అని ఇల్లుగలావిడ గుమ్రే చేతులు పట్టుకుంది. పక్కనే ఆరు తనిఖీ చీటీలు వరసగా ఉన్నాయి. ఆరింటి మీదా 'బాగుంది' అని మల్సూన్ సంతకం. వేడి పెంచే మీట గది గోడకే ఉంది కాబట్టి హేసన్‌కి ఆ తలుపు తీసే పనే పడలేదు. పైగా తనిఖీ మనిషి తన ఇల్లు తాను తనిఖీ చేసుకోకూడదని వాళ్ల నియమం. సన్యాసి తన గుండు తాను గీసుకోలేడని అక్కడో సామెత ఉందిలెండి.

చలి ముదిరింది... బాయిలర్ రాత్రంతా గుర్రుమంటోంది.

బోమి పొద్దున్నే తల పట్టుకుని లేస్తోంది. బడికెళ్తే తగ్గుతోంది, ఇంటికొస్తే మళ్లీ మొదలు. ఓ వేకువన హేసన్‌కి మెలకువ వచ్చింది గానీ కాలూ చెయ్యీ కదలలేదు. గుండెల మీద బరువు... కళ్ల ముందు తెల్లజుట్టు...

మల్సూన్‌కి ఒక్కదానికే చెప్పింది.

"రోజుకి ఎనభై ఇళ్ల మెట్లెక్కితే అంతేనే. అలసట. పిల్లకి చెప్పి హడలగొట్టకు."

చెప్పలేదు.

ఆ సాయంత్రం మంచు విపరీతంగా పడింది. బస్సులు ఆగిపోయాయి. ఆఫీసులో అప్పగించాల్సిన పనిసంచీ భుజానేసుకుని, చీకటి పడుతుండగా నలభై మెట్లూ ఎక్కింది హేసన్. బోమి అప్పటికే దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. సంచీ గుమ్మం దగ్గర పడేసి, చారు వేడిచేద్దామని పొయ్యి దగ్గరికెళ్లింది. కాసేపటికి తల బరువెక్కింది. గోడ పట్టుకుని వెనక్కి తిరిగింది —

బోమి పక్కన ఎవరో కూచున్నారు.

తెల్లజుట్టు. వంగిన వీపు.

"ఎవరూ..." అంది.

అప్పుడు మొదలైంది... కీచ్... కీచ్... కీచ్...

గుమ్మం దగ్గర సంచీలోంచి. గాలిలో విషం పసిగట్టే పరికరం అది. చివరి ఇంట్లో ఆపడం మరిచిపోయింది. వాసన చూసింది హేసన్. ఏ వాసనా లేదు. గ్యాస్ కారితే కుళ్లు కంపు కొట్టాలి. కంపు లేకుండా ఇది మోగుతోందంటే... సరిగ్గా కాలని గ్యాస్ వదిలే గాలి. రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే తీసుకుపోతుంది. ఈ పాఠం చెప్పింది మల్సూనే.

ముసలమ్మ ఉందో లేదో మళ్లీ చూడలేదు. దుప్పటితో సహా పిల్లని ఎత్తుకుని, తలుపు బార్లా తెరిచి, మంచులోకి పడింది. బయట మీటరు పక్కనున్న మీట అడ్డంగా తిప్పేసింది. లోపల గుర్రు ఆగింది.

"బోమీ! కళ్లు తెరువమ్మా... బోమీ!"

పిల్ల వాంతి చేసుకుంది. బిడ్డ వాంతి చూసి ఏ తల్లీ అంత సంతోషించి ఉండదు.

అగ్నిమాపక మనుషులు ముసుగులతో వచ్చారు. ఒకడు ఇరుకు తలుపు లాగాడు. పసుపు కాగితం చర్రుమని రెండుగా చిరిగింది. లోపల పొగగొట్టం ఊడి వేలాడుతోంది. గాలి పోవాల్సిన గోడకన్నంలో పాత దూది కుక్కి ఉంది, దాని మీద ఇంకో రక్ష. దెయ్యం అందులోంచే వస్తుందని ఆ భూతవైద్యం ఆవిడ చెప్పిందట మరి.

"ఎన్నాళ్లయిందమ్మా ఈ తలుపు తీసి?" అన్నాడతను.

హేసన్ చిరిగిన కాగితం కేసి చూసింది. పైన మూడేళ్ల దుమ్ము. చిరిగిన అంచు మాత్రం తెల్లగా ఉంది; అది చిరగడం ఇదే మొదటిసారి. ఆ కాగితం చింపకుండా ఆ తలుపు తీయడం ఎవరి తరమూ కాదు. పక్కనే ఆరు చీటీలు... 'బాగుంది', 'బాగుంది', 'బాగుంది'...



ఆస్పత్రికి మల్సూన్ పరుగున వచ్చింది, గిన్నెలో గుమ్మడికాయ జావ పట్టుకుని. "పిల్లెలా ఉందే? నా ప్రాణం పోయిందనుకో!"

"అక్కా... ఆ తలుపు ఒక్కసారైనా తీశావా?"

మల్సూన్ జావ గిన్నె మూత తీసింది. మళ్లీ పెట్టింది.

"నాకు భయమే..." గుసగుసలాడింది. "అది చిరిగితే నా మీదికి వస్తుందేమోనని... గుమ్మంలోంచే చీటీ అంటించి వచ్చేసేదాన్ని."

"మరి నన్నూ నా బిడ్డనీ అందులో ఎందుకు పెట్టావు?"

"పని తెలిసినదానివి కదా... ఎప్పటికైనా నువ్వే తీసి చూస్తావనుకున్నా. ఇక ఆ తలుపు నేను తీయక్కర్లేదనుకున్నా..."

మంచం మీద బోమి కదిలింది. తల్లి చెయ్యి వెతికి పట్టుకుంది. "అమ్మా, ఆ ముసలమ్మ వెళ్లిపోయిందా?"

హేసన్ పిల్ల మీదికి వంగింది. "ఏ ముసలమ్మే?"

"నా మీద కూచునే ముసలమ్మ. రోజూ వచ్చేది."

"నాకెందుకు చెప్పలేదే, నా తల్లీ?"

పిల్ల సూది గుచ్చిన చేత్తోనే, మంచం అవతలి మనిషిని చూపించింది.

"పెద్దమ్మకి చెప్పాను. నీకు చెప్పొద్దంది. చెబితే భయపడి ఇల్లు ఖాళీ చేసేస్తావంట."

హేసన్ కోటు జేబులోంచి ఉన్ని తొడుగులు తీసి జావ గిన్నె పక్కన పెట్టింది.

"మల్సూన్‌గారూ," అంది. "ఇక మీరు వెళ్లండి."