నాలుగింటికి కోరుట్లలో కరెంటు

జగిత్యాలలో సత్తయ్యను చంపింది ఒక వాటర్ కూలర్.

పేపర్లో షార్ట్ సర్క్యూట్ అని వేశారు. సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు. ఆఫీసులకు తాళాలు, ఉద్యోగులు టెంట్ల కింద. మూసిన ఆఫీసులో స్టోర్ కీపర్ సత్తయ్యకేం పని అని ఎవరూ అడగలేదు. అలాంటివి అడగడమే ఏజెంట్ గంగారాం ఉద్యోగం. సమ్మె చేసే యోగం లేని డిపార్ట్‌మెంట్ అతనిది.

"సత్తయ్య మన మనిషి," అన్నాడు చీఫ్, జీపు దిగకుండానే. "అది యాక్సిడెంట్ కాదు, మర్డర్."

"వెపన్?"

"గ్యాస్. ఫ్రిజ్‌లలో, కూలర్లలో పోసే పాత గ్యాస్ ఉంది కదా, ఆర్-ట్వెల్వ్. ఓజోన్ పొరను తినేస్తుందని కిందటేడు బంద్ చేశారు. డిపార్ట్‌మెంట్లన్నీ తమ సిలిండర్లను డిస్పోజ్ చేయాలని ఆర్డర్ వచ్చింది. ఎక్కడ, ఎలా అన్నది ఆర్డర్లో లేదు."

"మనవాళ్లేం చేశారు?"

"మనవాళ్లు చేసేదే. అన్నీ తెచ్చి కోరుట్ల ఆస్పత్రిలో టీకాల కోల్డ్‌రూమ్ వెనక గదిలో పడేశారు. వాటి మీద 'నీలి గొడుగు' అనే విదేశీ ముఠా కన్ను పడింది. ఆ గ్యాస్ తయారీ ప్రపంచమంతా ఆగింది. పాత ఓడలకు, పాత యుద్ధ ట్యాంకులకు మాత్రం ఇంకా కావాలి. డిస్పోజల్ పేరుతో సిలిండర్లు తీసుకెళ్లి, అసలు గ్యాస్ లాగేసి, చవక గ్యాస్ నింపి తిరిగి అదే గదిలో పెడుతున్నారు. ఆ చవక సరుకు కంప్రెసర్‌లోని అల్యూమినియంతో కలిసి గంట నిలవ ఉంటే చాలు. మోటారు మళ్లీ తిరిగిన క్షణాన పేలుతుంది."

"సస్పెక్ట్?"

"కోరుట్ల ఫ్రిజ్ మెకానిక్ గులాం మొహియుద్దీన్. సత్తయ్య చివరి కాల్ అతనికే. సిరిసిల్లలో అమృత అని ఒక కన్సల్టెంట్ ఉంది. డిస్పోజల్ సర్టిఫికెట్లు ఇస్తుంది. ముఠాలో ఉన్న మనమ్మాయి. 'చీర రంగు పోతదా?' అని అడుగు. 'ఎండల పెడితే పోతది' అంటే నమ్ము."

మరునాడు గంగారాం చీరల మూట మోటార్ సైకిల్ వెనక కట్టుకుని, బేరగాడి వేషంలో గులాం షాపు ఎదుటి టీ కొట్టులో కూర్చున్నాడు. అతనికి అందరి మీదా అనుమానమే. టీ పోసేవాడు రెండుసార్లు ఎందుకు చూశాడు? చక్కెర ఇంత ఎందుకేశాడు?

సమ్మెతో బొగ్గు ఆగి రోజూ ఉండే కోత ప్రకారం, పన్నెండింటికి కరెంటు పోయింది. కాసేపటికి ఆస్పత్రి వైపు నుంచి పాత స్కూటర్ మీద గులాం వచ్చాడు. యాభై అయిదేళ్లుంటాయి, తెల్లగడ్డం, చేతుల నిండా గ్రీజు. షాపు తలుపు వేసుకుని అరగంట లోపలే ఉన్నాడు. తర్వాత ఒక సిలిండర్‌ను గోనెసంచిలో చుట్టి, స్కూటర్ మీద పెట్టుకుని సిరిసిల్ల దారి పట్టాడు.

దొరికావు బాబూ, అనుకున్నాడు గంగారాం.

దారంతా రాస్తారోకోలు. ప్రతి ఊళ్లోనూ గులాంను చూడగానే "పో భాయ్" అని కర్ర పక్కకు తీశారు. గంగారాంను మాత్రం ప్రతి ఊళ్లోనూ ఆపి ఊరూ పేరూ అడిగి, మూట విప్పించి, జై తెలంగాణ అనిపించి గానీ వదల్లేదు. సీక్రెట్ ఏజెంట్లను పట్టుకోవడంలో మన ఊళ్లకు ట్రైనింగ్ అక్కర్లేదు.

సిరిసిల్లలో సాంచాలు ఆగి ఉన్నాయి. మరమగ్గాల రొదకు ఎప్పుడూ మాట వినపడని సందులో ఆ రోజు గులాం చెప్పుల చప్పుడు కూడా వినిపించింది. ఒక పాత సాంచాల షెడ్డులోకి అతను వెళ్లాడు. వెనకే గంగారాం.

లోపల గోడ పొడవునా సిలిండర్లు, ఎగుమతికి సిద్ధంగా. వాటి ముందు నల్ల కళ్లద్దాలు, లేత నీలం చీర, ఆ సందులో ఎవరూ ఎన్నడూ వేయని హైహీల్స్.

"చీర రంగు పోతదా?" అన్నాడు గంగారాం.

"ఎండల పెడితే పోతది," అంది అమృత, చిరునవ్వుతో. "ఇతనే ముఠాకు కుడి భుజం. బేడీలు వేయండి."

వేశాడు. గులాం తన చేతుల వంక చూసుకుని నోరు తెరిచాడు.

"నేనేం జేసిన సార్?"

"సత్తయ్య నీకెందుకు ఫోన్ చేశాడు?"

"గీ గ్యాస్ తీరు వేరే ఉంది, జర చూడు గులాం భాయ్ అన్నడు. నేను పట్టించుకోలే. ఇయ్యాల కోల్డ్‌రూమ్ ఫ్రిజ్‌ల ఎనక గదిల సిలిండర్ తోని గ్యాస్ పోసుడు ఒడిసిందో లేదో కరెంటు పోయింది. షాపుకచ్చినంక డౌటచ్చింది. సిలిండర్ బరువు తక్కువుంది. అల్యూమినియం తీగ మీద జర వదిలి చూస్తే నల్లగైంది. గీడ నింపిన్రని చిట్టి మీదుంది. కల్తీ ఎందుకు జేసిన్రని అడుగుదామని అచ్చిన."

కథ బాగానే ఉంది. పదేళ్ల సర్వీసులో గంగారాం ఇంతకన్నా మంచి కథలు విన్నాడు. వాటిలో ఒక్కటీ నిజం కాలేదు.

అమృత వాచీ చూసుకుంది. "నాలుగు దాటేదాకా ఇతన్ని ఇక్కడే ఉంచండి."

"నాలుగు దాకా ఎందుకు?"

పాపం, జవాబు గులాం చెప్పాడు. "నాలుగింటికి మా కోరుట్లల కరెంటొస్తది సార్."

గంగారాం చటుక్కున అతని వైపు తిరిగాడు. "గులాం, ఆ ఫ్రిజ్ స్విచ్ ఆపావా?"

"ఎందుకాపుతం? ఆన్‌లనే ఉంచిన. కరెంటు రాంగనే దానంతట అదే షురూ అయితది. ఊరంత గట్లనే కద."

నిజమే. బావి మోటారు నుంచి ఇంట్లో ఫ్యాను దాకా, కరెంటు పోయిందని ఎవరూ స్విచ్ ఆపరు. వచ్చిన కరెంటు ఒక్క నిమిషం కూడా వృథా పోకూడదు. ముఠాకు టైమ్ బాంబు ఖర్చే లేకపోయింది.

"సత్తయ్య కూలర్ పేలింది ఈ గ్యాస్‌తోనే," అన్నాడు గంగారాం. "మోటారు తిరగ్గానే."

గులాం బేడీల చేతులు జోడించాడు. "మా బిడ్డ ఆడనే ఉంది సార్. యాస్మీన్. టీకాల స్టోర్ల కాంట్రాక్ట్ నౌకరి. కరెంటు లేకుంటే ఎవ్వరు మూత తెర్వకుంట ఫ్రిజ్ ముంగటనే కూసుంటది."

టైం మూడూ నలభై ఆరు. అమృత చేతిలో పిస్టల్ ఉంది.

"పద్నాలుగు నిమిషాలు కదలకండి, చాలు. ఫ్రిజ్‌తో పాటు వెనక గదిలోని నకిలీ సిలిండర్లన్నీ పోతాయి. డిస్పోజల్ పూర్తయిందని సర్టిఫికెట్ నేనే రాస్తాను."

"మనమ్మాయివని చీఫ్ చెప్పాడే."

"అవతలివాళ్లూ అదే అనుకుంటున్నారు. రెండు చోట్లా నాకు మంచి పేరుంది."

గంగారాం జేబులోని షాక్ పెన్ను ఆమె వైపు నొక్కాడు. ఏమీ కాలేదు. రెండు రోజులుగా దానికి చార్జింగ్ పెట్టే దిక్కే లేదు మరి.

ముప్పై ఏళ్లలో గ్యాస్ బొట్టు కూడా గాలికి పోనివ్వని మనిషి గులాం. బేడీల చేతులతోనే పక్కనున్న సిలిండర్ వాల్వు పట్టుకుని, ఆమె చేతి మీదికి పూర్తిగా తిప్పాడు. తెల్లటి పొగ బుస్సుమంది. అమృత మణికట్టు మీద మంచు పేరుకుంది, పిస్టల్ కింద పడింది. గంగారాం దాన్ని తన్నేసి, రెండో జత బేడీలతో ఆమెను సాంచాకు కట్టేశాడు. ఓజోన్ పొర క్షమించుగాక.

మూడూ యాభై రెండు. యాస్మీన్ ఫోన్ స్విచాఫ్. ఆస్పత్రి ఫోన్ మోగీ మోగీ ఆగింది, స్టాఫంతా టెంట్ కింద. ఇక మిగిలింది కోరుట్ల సబ్‌స్టేషన్. ఆపరేటర్ మొండయ్య ఎత్తాడు.

"ఇంటెలిజెన్స్ నుంచి మాట్లాడుతున్నా. నాలుగింటికి కరెంటు ఇవ్వకండి."

"అట్లనా. ఇరవై రోజుల సంది ఇయ్యి ఇయ్యి అని ఊరంత తిడుతున్నది. ఇయ్యకు అనెటోనివి నువ్వే మొదలు. ఎవలు చెప్పిన్రు? జనాన్ని మా మీదికి తోలి సమ్మెను బద్నాం జేసుడా?"

"అక్కడ ఒక ప్రాణం..."

"పెట్టెయ్ ఫోన్."

పెట్టేసింది అతనే. లైను మళ్లీ కలిసేసరికి మూడూ యాభై ఎనిమిది. ఈసారి గంగారాం ఫోన్‌ను గులాం చెవి దగ్గర పెట్టాడు.

"మొండన్నా, నేను గులాంను."

"గులాం భాయ్, గొంతేంది గట్లున్నది?"

"కరెంటు ఇయ్యకన్నా. ఇస్తే మా యాస్మీన్ సచ్చిపోతది. నీ కాల్మొక్త, ఎందుకని అడగకు."

అటు వైపు కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"ఇయ్య," అన్నాడు మొండయ్య. "ఎవడచ్చినా ఇయ్య. బిడ్డ ఏడుంది?"

"ఆస్పత్రిల, టీకాల ఫ్రిజ్ ముంగట. దాని స్విచ్ బంద్ జేసి బయటికి తీస్కపో అన్నా."

గంగారాం దగ్గర మూడు ఐడీ కార్డులున్నాయి. ఆ నిమిషంలో ఆ మూడూ కలిపినా గులాం గొంతుకు సరిపోలేదు.

నాలుగయింది. నాలుగూ అయిదు. నాలుగూ పన్నెండుకు మొండయ్య నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది యాస్మీన్.

"అబ్బాజాన్, మొండయ్య కాక స్విచ్ బంద్ జేసి నన్ను చేయివట్టి బయటికి గుంజుకచ్చిండు. మందులు ఖరాబైతే ఎవలు జవాబు చెప్పాలె?"

గులాం నేల మీద కూర్చుని పెద్దగా ఏడ్చాడు. బేడీలు ఇంకా అతని చేతులకే ఉన్నాయి. గంగారాం సిగ్గుపడుతూ తాళం తీశాడు.

ఎక్స్‌పర్ట్‌లు వచ్చి ఆ ఫ్రిజ్‌ను, వెనక గదిని ఖాళీ చేసేసరికి రాత్రి ఏడయింది. ఆ గ్యాస్ ఇంకెక్కడ పోశారో తేలక, అప్పటిదాకా కోరుట్లలో కరెంటు లేదు. మిషన్ సీక్రెట్, కారణం ఎవరికీ చెప్పకూడదు. ఊరు ఊరంతా సబ్‌స్టేషన్ ముందుకొచ్చి తిట్టిపోస్తుంటే, మొండయ్య కంట్రోల్ రూమ్ తాళంచెవి బనీనులో దోపుకుని, గేటుకు ఆనుకుని నిలబడ్డాడు.

"సమ్మె గట్టిగ జెయ్యమని మీరే అంటిరి కద," అన్నాడు.