కోటి ఒకటి

మూడో ఏజెంటు శవం దొరికినప్పుడు గడ్డం ఒక చెంపకే గీసి ఉంది.

"ఇక నువ్వే వెళ్ళాలి," అన్నాడు చీఫ్.

ఎదురుగా నిలబడ్డవాడికి డిపార్ట్‌మెంట్‌లో పేరు కుందేలు, పిరికితనానికి పెట్టింది. అయినా తల ఊపాడు.

శత్రు ముఠా రైలు వంతెనకి బాంబు అమర్చింది. నాలుగింటి ప్యాసింజర్ దాటేటప్పుడు పేల్చాలని ప్లాన్. రిమోట్ ఒక సెలూన్‌లో ఉంది. వచ్చినవాడు పద్నాలుగు అంకెల సంఖ్య చెప్పాలి. అది కోటి ఒకటితో శేషం లేకుండా భాగింపబడితేనే బార్బర్ రిమోట్ ఇస్తాడు.

"నోటికొచ్చిన అంకెలు చెప్తే కోటిలో ఒక్కసారి కూడా కుదరదు," అంటూ చీఫ్, వైర్‌లెస్‌లో పట్టుకున్న ఒక సంఖ్య బట్టీ పట్టించాడు.

సబ్బుల సేల్స్‌మన్ వేషంలో కుందేలు సెలూన్ కుర్చీలో కూర్చున్నాడు. వేడి తువాలు ముఖాన పడగానే, అంత భయంలోనూ ప్రాణం కాస్త కుదుటపడింది.

గోళ్ళు తీసే అమ్మాయి అతని చెయ్యి అందుకుంది. ముఠాలో ఆమె అందాన్ని చూసి తడబడనివాడు లేడు. ఆమె మన మనిషని ముఠాకి తెలియదు. కోడ్ పేరు సంపెంగ.

"మీ నంబరు నిన్నటిదండీ," అంది పెదవి కదపకుండా. "వాడేసింది మళ్ళీ చెప్తే కత్తే. మీకు ముందొచ్చిన ముగ్గురూ అలాగే పోయారు."

బార్బర్ కత్తి గొంతు మీద ఆనింది.

"నంబరు చెప్పండి సార్."

కుందేలు లోపల్లోపలే లెక్క కట్టాడు. కోటి ఒకటి... ఏడంకెల సంఖ్యని కోటితో హెచ్చిస్తే వెనక ఏడు సున్నాలు. ఆ సంఖ్యనే ఇంకోసారి కలిపితే సున్నాల చోట మళ్ళీ అవే అంకెలు. అంటే ఏ ఏడంకెలైనా సరే, రెండుసార్లు చెబితే చాలు. కానీ భయానికి ఏడంకెలు తోస్తేగా? చివరికి నాలుక మీదికి వచ్చింది అక్క ఇంటి ఫోన్ నంబరు. ఎవరికిచ్చినా ఆవిడ రెండుసార్లు చెప్పందే వదలదు.

చెప్పేశాడు.

బార్బర్ అద్దం పక్కనున్న మిషన్‌లో అంకెలు నొక్కాడు. శేషం సున్నా. పచ్చలైటు వెలిగింది.

"అవే అంకెలు రెండుసార్లు చెప్పారేంటి?"

"మీకు వినపడదేమోనని."

"నాకేం, మిషన్ ఒప్పుకుంది," అంటూ బార్బర్ గడ్డం బ్రష్ ఒకటి చేతిలో పెట్టాడు. పిడిలో రిమోట్.

అంతలో తలుపు తోసుకుని అసలు ముఠా మనిషొకడొచ్చి, తన పద్నాలుగంకెలు మొదలుపెట్టాడు. బార్బర్ కత్తి కుందేలు వైపు తిరిగింది. సంపెంగ పౌడరు డబ్బా బార్బర్ కళ్ళలో కుమ్మరించింది. వచ్చినవాడు బ్రష్ మీదికి దూకాడు. వంతెన వైపు రైలు కూత. సబ్బు నురగకి కుందేలు వేళ్ళు జారుతున్నాయి. పిడి ఊడింది. బ్యాటరీ నేలమీద పడ్డాకే వాడి వేలు మీటని తాకింది. ఏమీ పేలలేదు. వీధిలో కాపు కాసిన మనవాళ్ళు లోపలికొచ్చారు. రైలు చప్పుడు నింపాదిగా దూరమైంది.

సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. "ఒక్కటే చిక్కు. కోటి ఒకటితో భాగిస్తే వచ్చింది మీ అక్కగారి ఫోన్ నంబరు. ఆ మిషన్ నుంచి ఎక్కడెక్కడికి తీగలున్నాయో, ఎవరెవరు చూశారో. ఇవాళే నంబరు మార్పించాలి. వెళ్ళి చెప్పు."

కుందేలు ఒకడుగు వెనక్కేశాడు.

"దానికి ఎవరైనా ధైర్యస్తుణ్ణి పంపండి సార్."