కాకరకాయ వేపుడూ, బ్రిటిష్ బ్యాంకు షేర్లూ

పోపులో ఎండుమిరపకాయ వేగీ వేగకముందే పొగ అలారం కెవ్వుమంది. మంగాదేవి అట్లకాడ పక్కన పెట్టి, వెనక తలుపు తీసి, తువ్వాలు పట్టుకుని అలారం కింద నిలబడి విసరసాగింది. భర్తతో కలిసి దేశం దాటి బోటనీ డౌన్స్‌లోని కూతురింటికి వచ్చి రెండేళ్ళయింది. పోపు పెట్టినప్పుడల్లా ఇదే తంతు. కాకినాడలో ఆవిడ పోపు పెడితే పక్కింటివాళ్ళు గోడ మీంచి "ఏం కూరండీ" అని అడిగేవారు. ఇక్కడ పక్కింటి తెల్లావిడ కంగారుగా కిటికీ తీసి అంతా క్షేమమేనా అని అడుగుతుంది. పాపం, మంచి మనిషే.

హాల్లో ఉన్న ముగ్గురు మగవాళ్ళూ మాత్రం అలారానికి తలైనా తిప్పలేదు. వాళ్ళ కళ్ళు టీవీకి అతుక్కుపోయి ఉన్నాయి. అక్కడ లండన్‌లో రాత్రి, ఇక్కడ జనవరి ఎండ కాస్తున్న పొద్దుటి పూట. యూరప్‌లోంచి బయటపడే ఒప్పందం మీద బ్రిటిష్ పార్లమెంటులో ఓటింగు జరుగుతోంది. ఎక్కడో సముద్రాల అవతల వాళ్ళ పార్లమెంటు గొడవ మనింట్లో ఉప్మా చల్లారబెట్టడమేమిటని మంగాదేవికి ఒళ్ళు మండింది గానీ, కారణం ఆవిడకీ తెలుసు.

కాకినాడ ఫ్లాటు అమ్మిన డబ్బుకి అల్లుడు గౌతమ్ తన పొదుపు కలిపాడు. పెరట్లో పెద్దవాళ్ళకి చిన్న గ్రానీ ఫ్లాటు కట్టాలని అనుకున్నారు. బిల్డరు చెప్పిన ధరకి కాస్త తక్కువైంది. ఆ కాస్తా కూడుతుందని, ఆస్ట్రేలియా మార్కెట్లో దొరికే ఒక బ్రిటిష్ బ్యాంకు షేర్లు కొన్నారు. బ్రిటన్ ఉంటుందో పోతుందో తేలక ఆ షేరు దిగుతూ దిగుతూ సగానికి వచ్చింది. శనివారంలోగా అడ్వాన్సు ఇవ్వకపోతే బిల్డరు ఇంకో పని ఒప్పుకుంటాడు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమంటే ఇదేనని మంగాదేవి లోలోపల అనుకుందే తప్ప, పైకి అనలేదు.

గౌతమ్‌ని రోజూ తన కార్లో ఆఫీసుకి తీసుకెళ్ళే రవికిరణ్ కాఫీ కప్పు చేత్తో పట్టుకుని ఆ రోజు కూడా అదే పాట అందుకున్నాడు.

"అమ్మేయండి అంకుల్. వాళ్ళు విడిపోరు, కలిసుండరు. మధ్యలో మన డబ్బు నలిగిపోతోంది."

మంగాదేవి భర్త బాలసుబ్రహ్మణ్యం బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి. కళ్ళజోడు సవరించుకున్నాడు. "బ్యాంకంటే కిరాణా కొట్టు కాదు రవీ. జనం డిపాజిట్లున్న సంస్థ. రాజకీయం సర్దుకున్న రోజున అదే లేస్తుంది."

"మామయ్యగారు చెప్పింది కరెక్ట్," అన్నాడు గౌతమ్. "ఇంత చౌకలో అమ్మడమంటే పానిక్ అవ్వడమే."

వడ్డీ రేట్లనీ, పౌండు విలువనీ, ఇళ్ళ అప్పులనీ కాసేపు వాదించుకున్నారు. ఎప్పటిలాగే మామా అల్లుళ్ళిద్దరూ ఒక పక్క, రవికిరణ్ ఒక్కడూ ఒక పక్క. ఇంతలో టీవీలో ఫలితం వచ్చింది. ఒప్పందాన్ని భారీ తేడాతో తోసిపుచ్చారు. బాలసుబ్రహ్మణ్యం, "మంచిదే. ఇంకా మంచి బేరం తెచ్చుకుంటారు," అన్నాడు. గౌతమ్ తలూపి షూస్ వేసుకున్నాడు.

మధ్యాహ్నం ఆస్ట్రేలియా మార్కెట్ తెరిచాక బాలసుబ్రహ్మణ్యం అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. షేరు ఇంకాస్త దిగిందట. మంగాదేవి మజ్జిగ పోస్తూ, అంత దిగులుగా ఉంటే అమ్మేయమని చెప్పొచ్చుగా అంది.

"నాకు దసరాకే అమ్మేయాలనిపించింది మంగా," అన్నాడాయన గొంతు తగ్గించి. "అప్పుడైతే పెద్ద నష్టం కూడా లేదు. కానీ ఏరికోరి ఆ షేరు పట్టుకొచ్చింది అల్లుడు. ఆయనింట్లో తింటూ, ఆయన లెక్క తప్పని ఏ నోటితో చెప్పను?"

సాయంత్రం గౌతమ్ వెనక తలుపు గుండా వచ్చాడు. మెట్ల మీద కాకరకాయలు తరుగుతున్న అత్తగారి పక్కన కూలబడి, గడ్డి వంక చూస్తూ కూర్చున్నాడు. ఆఫీసులో గొడవైందా అని ఆవిడ మెల్లగా అడిగింది.

"లేదు అత్తయ్యగారూ. ఆ షేర్లు వినాయక చవితికే వదిలించుకుందామనుకున్నాను. మామయ్యగారికి వాటిమీద అంత నమ్మకం. బ్యాంకులో అంత అనుభవమున్న మనిషి, అందులో సగం డబ్బు ఆయనది. నేను అమ్మేద్దామంటే ఆయన్ని తీసిపారేసినట్టుంటుంది కదా."

మంగాదేవి చేతిలో కత్తి ఆగిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర కూతురు హిమజ ఇంటి విషయం ఎత్తింది. పొద్దుట్నుంచీ ఫార్మసీలో నిలబడి నిలబడి వచ్చింది, ఓపిక లేదు. బిల్డరు మళ్ళీ ఫోన్ చేశాడనీ, ఏం చెప్పమంటారో చెప్పమనీ అడిగింది. "అల్లుడుగారి ఇష్టం, కొంచెం ఆగుదామంటారేమో," అన్నాడు తండ్రి. "మామయ్యగారు ఆగుదామంటే ఆగుదాం," అన్నాడు భర్త.

మంగాదేవి గరిటె కింద పెట్టింది.

"ఏమండీ, మధ్యాహ్నం నాతో అన్నమాట ఇప్పుడు అల్లుడుగారితో అనండి. బాబూ, మీరు మెట్ల మీద అన్నమాట ఆయనతో అనండి. ఎవరూ అనకపోతే ఇద్దరివీ నేనే అంటాను."

ఇద్దరూ కంచాల్లోకి చూశారు. ఆవిడ అన్నంత పనీ చేసింది. ముందు ఆయన మాట, తరువాత అల్లుడి మాట, పొల్లుపోకుండా అప్పజెప్పింది.

హిమజ ముఖం ఎర్రబడింది. "అంటే ఇద్దరికీ పండగలప్పుడే అమ్మాలనుందా? రోజూ రవిని చెరోపక్కనుంచీ వాయించింది ఒకళ్ళ మీద ఒకళ్ళకి మర్యాద చూపించుకోడానికా? ఆ మర్యాద ఖరీదు ఎంతో తెలుసా నాన్నా? అమ్మ ఇల్లు."

గౌతమ్ సిగ్గుతో చెవులదాకా ఎర్రబడి, తప్పు తనదేనన్నాడు. కాదు తనదన్నాడు మామగారు. అక్కడా మర్యాదే.

"మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత," అంది మంగాదేవి. "అల్లుడుగారి ముందు పూర్తిగా చెప్పకూడదు. పోయింది పోయింది. రేపు అమ్మేయండి. గ్రానీ ఫ్లాటు లేకపోతే మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. వేరే కప్పు కింద ఉండాలని మీ పట్టుదల."

భర్త ఆవిడ వంక వింతగా చూశాడు. "నా పట్టుదలా? నాకు ఈ గదికేం తక్కువైంది? నువ్వు కదూ, వచ్చిన వారం ఆ అలారం మోగిందని గదిలోకొచ్చి కళ్ళొత్తుకున్నావు. ఏం కావాలే అంటే, మీ ఇష్టం అన్నావు. ఈ వయసులో నీకో సొంత వంటిల్లు లేకుండా చేశానని ఎంత బాధపడ్డానో. ఇదంతా నీ కోసం కాదూ?"

మంగాదేవికి ఆ రోజు గుర్తుంది. పోపు మాడింది, అలారం మోగింది, పరాయి ఊళ్ళో దొంగలా దొరికిపోయినట్టు అనిపించింది. ఆయన అడిగితే నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదు. మీ ఇష్టం అంది. ఆ రెండు మాటల మీద ఆయన ఇల్లు కట్టడానికి సిద్ధపడ్డాడు, ఉన్న ఒక్క ఫ్లాటు డబ్బూ దానికే పోశాడు.

"నేను ఏడ్చింది పొయ్యి కోసమండీ," అంది. "ఇంటి కోసం కాదు. అలారం మోగనిచోట ఒక్క పొయ్యి. అదే చెప్పలేకపోయాను."

హిమజ లేచి వచ్చి తల్లి భుజాల చుట్టూ చెయ్యి వేసింది.

మర్నాడు షేర్లు అమ్మేశారు. నష్టం నష్టమే, ఎవరూ దాన్ని తక్కువ చేసి చెప్పుకోలేదు. బిల్డరుకి వద్దని చెప్పి, మిగిలిన డబ్బు ఇక్కడి బ్యాంకులోనే డిపాజిట్ వేశారు. బ్రిటన్ ఉండటమా పోవడమా అన్నది అప్పటికీ తేలలేదు. ఆ తరువాత రెండు వారాంతాలు మామా అల్లుళ్ళు రవికిరణ్‌ని సాయం పిలిచి, ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీద రేకుల కప్పు వేసి, దానికింద రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి పెట్టారు. రేకు వంకరగా ఉందని మామగారు మొహం మీదే అన్నాడు. మీరు పట్టుకున్న వైపే వంకరగా ఉందని అల్లుడూ మొహం మీదే అన్నాడు.

ఆదివారం మంగాదేవి అక్కడ మొదటిసారి మూకుడు పెట్టింది. పోపు చిటపటలాడింది. ఇంట్లో అలారం నోరెత్తలేదు. ఘుమఘుమ కంచె దాటి వెళ్ళింది. పక్కింటి తెల్లావిడ తల పైకెత్తి, ఈసారి క్షేమ సమాచారం కాకుండా, ఏం వండుతున్నావని అడిగింది. మంగాదేవి పొంగిపోయి, తనకొచ్చిన ఇంగ్లీషులో, మా అల్లుడికి ఎంతో ఇష్టమైన కాకరకాయ వేపుడని చెప్పింది.

డెక్ మీద కుర్చీలు సర్దుతున్న గౌతమ్ ఒక్క క్షణం తటపటాయించాడు. మామగారి వంక చూశాడు.

"అత్తయ్యగారూ, నా వాటా కూడా ఆవిడకే ఇచ్చేయండి. నాకు కాకరకాయ సయించదు."

"అదేమిటి బాబూ, రెండేళ్ళుగా రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నారు కదా?"

"మీరు అంత ప్రేమగా చేస్తుంటే ఎలా చెప్పను?"

మంగాదేవి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మరి ఏం ఇష్టమో ఇప్పుడైనా చెప్పండి."

"బంగాళదుంప."

ఆవిడ బుట్టలోంచి నాలుగు దుంపలు తీసి, పీట మీద కూర్చుని చెక్కు తీయడం మొదలుపెట్టింది.