వినలేదని సంతకం

పదకొండో నంబరు మనిషి నిశ్శబ్దపేటిక అనే అద్దాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకోగానే ప్రభుత్వ శ్రోత హైమవతి చెవిమూతలు సర్దుకుంది. అద్దం అవతల ఆయన పిడికిలి ఊపుతూ పది నిమిషాలు ప్రభుత్వాన్ని కడిగేశాడు. బయటికి రాగానే ఆమె రసీదు ఇచ్చింది: 'వాక్ స్వేచ్ఛ పూర్తిగా వినియోగమైంది.' కింద 'వినలేదు' అని తన సంతకం.

చట్టానిది ఎంత పెద్ద మనసో! పేటికలో ఎవరినైనా ఏమైనా అనవచ్చు. బయట అంటేనే నేరం. శ్రోత విన్నట్టు నమోదైతే మాత్రం ఆ ఫిర్యాదు మీద గంటలో విచారణ జరిపించాలి. అందుకే ఇరవై రెండేళ్లుగా ఎవరూ ఏమీ వినలేదు. పైగా ఏటా స్వేచ్ఛా దినోత్సవం, ఆ సభలో హైమవతికి శాలువా. సిగ్గులేని శాలువా.

చెవులు మూయించిన మేధావులకు కళ్లు కూడా మూయించాలని తోచలేదు. ఇన్నేళ్లుగా పెదవులు చూసి చూసి హైమవతికి ప్రతి మాటా తెలిసిపోతుంది. చెవితో వినలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుని సంతకం గీకేస్తుంది.

పన్నెండో నంబరు నూకరత్నం. గాజువీధి బడిలో వంటమనిషి. బడి వెనక విషవాయువు ట్యాంకు కారుతోందని ఆరు వారాలుగా వచ్చి చెబుతోంది. ఆరు రసీదులూ మడతలు పడి ఆమె చేతిలోనే ఉన్నాయి. ఈరోజు లోపలికి వెళ్లి, నేరుగా అద్దానికి నుదురు ఆనించింది.

"సిన్నపిల్ల పడిపోనాదని సెప్పినప్పుడు నీ కల్లంట నీల్లొచ్చినాయి. నానేటంటన్నానో నీకు తెలుస్తంది. నిన్న ఇంకో ముగ్గురు పడిపోనారు. ఇయాల కూడా ఇనలేదనే రాస్తావేటి?"

హైమవతికి తన మీద తనకే రోత పుట్టింది. చెవిమూతలు పీకి బల్ల మీద పడేసి, దుమ్ముపట్టి బిగుసుకుపోయిన 'విన్నాను' మీటను రెండు బొటనవేళ్లతో నొక్కింది.

తెర మీద అక్షరాలు వచ్చాయి: 'శ్రోత వాంగ్మూలం అవసరం. దయచేసి నిశ్శబ్దపేటికలోకి వెళ్లి చెప్పండి.'

పర్యవేక్షకుడు భుజంగరావు పరుగున వచ్చాడు. "లోపలికెళ్లి చెప్పండి మేడమ్. రూలు కదా!"

"లోపల వినడానికి ఎవరుంటారండీ?"

ఆమె హాలు వైపు తిరిగి గొంతెత్తింది. "గాజువీధి బడి వెనక ట్యాంకు కారుతోంది. పిల్లలు పడిపోతున్నారు. ఆరు వారాల నుంచీ నాకు తెలుసు."

భుజంగరావు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు, కాస్త ఆలస్యంగా. వరుసలో నలభై మంది ఉన్నారు. ఒక్కరికీ చెవిమూతలు లేవు.

పదమూడో నంబరు ముసలాయన బల్ల మీదికి వంగి ఆ మీటే నొక్కాడు. ఆయన వెనకావిడ అప్పటికే చెయ్యి చాచింది.