సీతాఫలాల పక్కన చెంబు

మేకు ఉంది. బొమ్మ లేదు.

1998 అక్టోబరు. పెనుకొండలో ఒక స్కూలు హాలు. డ్రాయింగ్ మాస్టారు వీరభద్రయ్య ఆయిల్ పెయింటింగుల ఎగ్జిబిషన్. అన్నీ అరచేయంత బొమ్మలే. వేరుశనక్కాయలు, సంగటి ముద్ద, లాంతరు. పోయింది ఒక్కటే. రెండు సీతాఫలాలు, పక్కన వెండి చెంబు.

ఇంత చిన్న బొమ్మకు పోలీసులా అని ఎస్సై రఫీక్ విసుక్కుంటూనే వచ్చాడు. వచ్చేసరికి దొంగను తేల్చేశారు కూడా!

"ఇంకెవరు సార్? ఆ నాగక్కే." మాస్టారి భార్య నీలావతి వేలెత్తి చూపించింది. "ఉగాదప్పుడు హిందూపురంలో మా ఇంట్లో పనిచేస్తా వెండి చెంబు తీసింది. తరిమేస్తే ఈ స్కూల్లో ఊడ్చే పనికి చేరింది."

గోడవారగా నిలబడ్డ నాగక్క చీపురు కింద పడేసింది.

"ఆ పొద్దూ తీయలేదు, ఈ పొద్దూ తీయలేదు సార్. ఇంకోసారి దొంగంటే ఈ పని గూడా పోతుంది. నా బతుకు బజారే."

పాపం, ఎవరు వింటారు? ఒకసారి పడ్డ పేరు పోతుందా?

రఫీక్ మాస్టారి వైపు తిరిగాడు.

"బొమ్మ చివరిసారి ఎప్పుడు చూశారు?"

"పదిన్నరకు. పన్నెండుకు లేదు."

"ఎప్పుడు గీశారు?"

"మొన్న ఆదివారం. ఆయిల్ కలర్ గదా, ఇంకా తడి ఆరలేదు. ముట్టుకుంటే అంటుతుంది."

రఫీక్ నాగక్క చేతులు చూశాడు. చీర చూశాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు.

"నీలావతిగారూ, ఈ బొమ్మ మీరు ఇంటి దగ్గర చూశారా?"

"అయ్యో, ఆ నూనె కంపుకు నేను ఆయన గదిలో అడుగే పెట్టను. ఈడికొచ్చినాకే చూసినా."

"దగ్గరికి పోయి ముట్టుకున్నారా?"

"లేదు సార్. దూరం నుంచే."

"మరి ఆ మరక?"

నీలావతి గబుక్కున కొంగు సర్దుకుంది. ధర్మవరం పట్టుచీర. నడుము దగ్గర ఆకుపచ్చ మరక. అందరూ చూసిందే, ఎవరూ పట్టించుకోనిదే.

"ఆకుకూర సార్."

"పట్టుచీర కట్టుకుని ఆకుకూర తరిగారా? ఆకుకూరకు రంగుల్లో కలిపే లిన్సీడ్ నూనె వాసన రాదమ్మా. తడి బొమ్మను కొంగు కింద దాచారు. ఎక్కడ పెట్టారో తీయండి."

దొంగే 'దొంగ, దొంగ' అని అరవడమంటే ఇదే! నీలావతి చేతిసంచీలోంచి బొమ్మ బయటికి వచ్చింది.

"మీ ఆయన గీసిన బొమ్మను మీరెందుకు దొంగిలించారు?"

నాగక్క ముందుకొచ్చి బొమ్మలోని చెంబును చూపించింది.

"మూతి కాడ సొట్ట చూడు సార్. నేనే బండ మీద జారిడిచినా. నేను దొంగిలించినానని వీధిలో నిలబెట్టి నా కొంగు దులిపించిన చెంబు ఇదే. మొన్న ఆదివారం గీసినారంటే ఆ ఇంట్లోనే ఉండాది."

నీలావతి కుర్చీలో కూలబడింది.

"పెళ్ళికి ఊరికి పోతా బియ్యం డ్రమ్ములో దాచినా సార్. దాచింది మర్చిపోయినా. బియ్యం అడుగంటినాక కనపడింది. అప్పటికే వీధంతా చెప్పేసింటి. ఏ మొహం పెట్టుకుని చెప్పేది? అటక మీద ట్రంకులో పడేసినా."

రఫీక్ మాస్టారిని చూశాడు. "మీకు తెలుసా?"

"ట్రంకులో దొరికింది సార్. ఈమెను అడిగేకి నోరు రాలేదు. గీసి అందరి ముందర తగిలిస్తే తానే ఒప్పుకుంటుందనుకుంటి."

"గీసేకి చేతులొచ్చె," అంది నాగక్క. "నేను దొంగను గాదని ఒక మాట చెప్పేకి నోరు రాలేదా అయ్యోరా?"

మాస్టారు సిగ్గుతో చచ్చిపోయాడు.

"కేసు రాయమంటావా నాగక్కా?" రఫీక్ అడిగాడు.

"కేసొద్దు సార్. ఏ వీధిలో నన్ను దొంగన్యారో ఆ వీధిలోనే చెప్పమను."

సాయంత్రం హిందూపురంలో మాస్టారి ఇంటి ముందు జీపు ఆగింది. వీధంతా గడపల్లోకి వచ్చింది. నీలావతి దిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెంబు... నాగక్క తీయలేదు," అని గొణిగింది.

"గట్టిగా చెప్పమ్మా," అంది నాగక్క. "ఆ పొద్దు గట్టిగానే అరిచినావు గదా."