గదిలోంచి వచ్చిన మూలుగు

పొద్దున్నే భర్తకు పాలలో నానిన రొట్టె తినిపిస్తున్న తల్లికి కూతురి గదిలోంచి మూలుగు వినిపించింది. అది తన భర్త మూలుగు. ఆయనేమో ఎదురుగా కూర్చుని రొట్టె నములుతున్నాడు.

పక్షవాతం వచ్చి మాట పడిపోయాక ఆయన గొంతులోంచి వచ్చేది ఆ మూలుగొక్కటే. పొరపడే అవకాశం లేదు.

మళ్లీ వినిపించింది. ఈసారి ఆయన కూడా నమలడం ఆపి, గది తలుపు వైపు చూశాడు.

తల్లి వెళ్లి తలుపు నెట్టింది. కూతురు జాంబీ వీడియో ఆటలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగి, పని ఇంటి నుంచే. కంప్యూటర్ తెర మీద చీకటి వరండాలో ఒక శవం నడిచి వస్తోంది. ముఖం కుళ్లిపోయింది గానీ, కుడికాలు ఈడ్చే తీరు, ఛాతీకి అదుముకున్న చెయ్యి ఆమెకు తెలిసినవే. తుపాకీ పేలింది. శవం ఒరిగిపోయింది.

"అది మీ నాన్న" అంది తల్లి మెల్లగా.

"నడకా, గొంతూ మాత్రమేనమ్మా. చచ్చినవాళ్లు లేచి రావడం ఎలాగూ కట్టుకథే. దాన్ని నమ్మాలంటే మిగతాదంతా నిజంలా ఉండాలి. నటులతో చేయిస్తే ఎవరూ భయపడలేదు. ఇది విని మా మేనేజరే కుర్చీలోంచి లేచాడు."

"ఆయన్ని చూసి జనం జడుసుకోవాలా?"

"నాన్నని ఎవరు గుర్తుపడతారు?"

"నేను గుర్తుపట్టాను. ఆయనా పట్టారు."

తెర మీద శవం తిరిగి లేచి, అదే మూలుగుతో నడవసాగింది.

"ఎప్పుడు రికార్డు చేశావిది?"

"మొన్న మధ్యాహ్నం. నా తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎంతకీ కదల్లేదు. తిరిగి వెళ్లేదాకా ఫోన్‌లో వీడియో తీశాను."

"నువ్వు భోజనానికి రాలేదని, నేను వద్దంటున్నా గోడ పట్టుకుని వచ్చారు. 'తిన్నావా' అని అడుగుతున్నారే. నిజంలా ఉండాలన్నావుగా. నిజం అది."

కూతురు ఆ శబ్దం ఇంకోసారి పెట్టుకుని వింది.

"చివర్లో అడిగినట్టు గొంతు పైకి లేస్తుంది చూడు... అదే అన్నిటికంటే భయంగా ఉందని అందరికీ చెప్పానమ్మా" అంది.

కాసేపటికి ఆ గొంతునూ, నడకనూ ఆటలోంచి తీసేసింది. "శవాల కాళ్లు వంకర్లు తిప్పేస్తాను. రాక్షసుల్లా చేస్తాను. ఎవరి నాన్నలాగానూ ఉండకూడదు."

బయటికొచ్చి తండ్రి ముందు నేలమీద కూర్చుంది. ఆయన ఆమె ముఖంలోకి చూసి ఏదో అన్నాడు, బాగా పొడుగ్గా. తల్లి దాని అర్థం చెప్పబోయి ఆగిపోయింది.

"అర్థం కాలేదు నాన్నా" అంది కూతురు కళ్లు తుడుచుకుంటూ. "మళ్లీ చెప్పు."